పైనుంచి లెక్కపెట్టిన తీగలు

రుస్తాఖ్,
జనవరి 13, 2023

తమ్ముడు ప్రసాద్‌కు,

నువ్వూ మరదలు రమణీ దేవుని కాపుదలలో ఉన్నారని నమ్ముతూ అక్క లీలాకుమారి రాస్తున్నది. నీ ఆపరేషన్ అయి ఏడాది కావస్తోంది. ఫోను చేస్తే నీవైపు నుంచి మాట రాదు. మెసేజ్ పెడితే ‘బాగున్నాం’ అని ఒక్క ముక్క వస్తుంది. నేను నర్సింగ్ హాస్టల్లో ఉన్న రోజుల్లో నాలుగేసి పేజీలు రాసేవాడివి. అందుకే మళ్ళీ కాగితం తీశాను.

ఈ అరబ్బు దేశంలో చలికాలం హాయిగా ఉంది. సాయంత్రాలు కొండల మీద ఎండ తేనెరంగులోకి తిరుగుతుంది. డయాలసిస్ వార్డులో డ్యూటీ ఎప్పటిలాగే.

అసలు సంగతి చెబుతాను. నా దగ్గరికి ఒక గిటార్ వచ్చింది. మా వార్డులో పనిచేసిన ఫిలిపీన్ నర్సు తన దేశం వెళ్ళిపోతూ, సామాను బరువెక్కువైందని దాన్ని మా రూమ్‌లో వదిలేసింది. నాతో ఉండే గుంటూరు అమ్మాయి సెలిన్ “ఎవరికైనా అమ్మేద్దామా ఆంటీ” అంది. “వద్దులే, ఉండనీ” అన్నాను. ఆ మాట నా నోట ఎలా వచ్చిందో నాకే తెలియదు.

మన ఇంట్లో గిటార్ నీది. నేను ముట్టుకుంటే శ్రుతి పోతుందని నాన్న దాన్ని అటక మీద పెట్టించేవారు. నువ్వు వాయిస్తుంటే వంటింటి గడప మీద కూర్చుని వినేదాన్ని. నాకిప్పుడు యాభై అయిదు. ఇకమీదటైనా నేర్చుకోవాలని ఉంది. ఫోనులో పాఠాలు చెప్పే అబ్బాయి ఒకడున్నాడు కానీ వాడు ఎక్కడా ఆగడు. వాడిని ఆపి వెనక్కి జరిపేలోగా నా వేళ్ళు జారిపోతాయి. శ్రుతి చేయడం మటుకు ఫోను చూసి సెలిన్ చేసి పెట్టింది.

నువ్వు చెప్పు. అన్నిటికంటే తేలికైనది ఒక్కటి. నా వాయింపు రికార్డు చేసి పంపనులే. పాట అన్నది ఏదీ నీ చెవిన పడనివ్వడం లేదని రమణి చెప్పింది.

నీ అక్క,
లీల


నరసాపురం,
ఫిబ్రవరి 2, 2023

అక్కకు వందనాలు.

ఉత్తరం అందింది. ముందు ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకు. ఇది నీ ఆలోచనా, రమణి ఆలోచనా? నా గిటార్ మంచం కింద ఉంది. దాన్ని బయటికి తీయించడానికి మీరిద్దరూ కలిసి వేసిన ఎత్తయితే, ఆ శ్రమ పడకండి.

నా సంగతి నీకు తెలియనిది కాదు. స్వరపేటిక మొత్తం తీసేశారు. మెడ కింద రంధ్రం గుండా ఊపిరి తీస్తున్నాను. దానిమీద రమణి కుట్టిన గుడ్డ కట్టుకుని లేసు కంపెనీకి వెళ్ళి వస్తున్నాను. చెప్పవలసింది పలక మీద రాసి చూపిస్తున్నాను. గుడికి మాత్రం వెళ్ళడం లేదు. సంఘమంతటికీ పాట ఎత్తి ఇచ్చినవాడు మూగగా బెంచీ మీద కూర్చుంటే, వాళ్ళు దేవుణ్ణి చూడరు, నన్ను చూస్తారు. గొంతు లేనివాడి చేతిలో గిటార్ ఉత్త చెక్కపెట్టె.

అడిగావు కనుక ఒకటి చెబుతున్నాను. దాని పేరు ‘ఈ మైనర్’, ఇంగ్లీషు అక్షరం ‘ఈ’. దీనికి రెండే వేళ్ళు. గిటార్ మెడ మీద అడ్డంగా ఇనప పట్టీలు ఉంటాయి. వాటిని ఫ్రెట్లు అంటారు. తల వైపు నుంచి రెండో ఫ్రెట్ దగ్గర, మధ్య వేలు ఐదో తీగ మీద, ఉంగరం వేలు నాలుగో తీగ మీద ఉంచు. కుడిచేత్తో ఆరు తీగలూ ఒక్కసారిగా మీటు. అది దుఃఖపు స్వరం. ఈస్టరుకు ముందు శ్రమలకాలంలో పాడే పాటలన్నీ దాంతోనే మొదలవుతాయి.

ఇది చాలు.

ప్రసాద్ బాబు


రుస్తాఖ్,
ఫిబ్రవరి 24, 2023

ప్రసాద్,

నీ ఉత్తరం చదివి ముందు కోపం వచ్చింది. తర్వాత నవ్వు వచ్చింది. ఎత్తులు వేసే తెలివి నాకుంటే ఈపాటికి హెడ్ నర్సునై ఉందును. రమణికి ఈ గిటార్ సంగతే తెలియదు. నాకు నేర్చుకోవాలని ఉంది, అంతే.

ఇక విను. నువ్వు రెండే వేళ్ళని తేలిగ్గా రాసేశావు. తీగలు ఇనపవి కదా, మొదటి వారం వేళ్ళ కొసలు కందిపోయాయి. వార్డులో పేషెంటు పేషెంటుకూ మధ్య చేతులకు స్పిరిటు రాసుకోవాలి. రాసుకున్నప్పుడల్లా ప్రాణం జివ్వుమనేది. పైగా నువ్వు చెప్పినట్టు పెడితే ఉంగరం వేలు మధ్య వేలి మీదుగా మెలిపడి వెళ్ళవలసి వస్తోంది. ముదురు వయసులో నేర్చుకుంటే ఇంతే కాబోలు అనుకుని ఊరుకున్నాను. చాలా రోజులు డబ్బా కొట్టినట్టు టపటపమనడం తప్ప ఏమీ రాలేదు.

పోయిన శుక్రవారం సెలవు. సెలిన్ బట్టలు ఆరేస్తోంది. నేను కిటికీ పక్కన కూర్చుని మళ్ళీ పెట్టాను. ఈసారి ఏ తీగా మూలగలేదు. ఆరూ మోగాయి.

ఆ మోతను ఎలా చెప్పాలో తెలియడం లేదు తమ్ముడూ. గదిలో ఇంకో గది తెరుచుకున్నట్టు అయింది. నా చేతులే కదా చేసింది, మరి నాకంటే పెద్దదిగా ఉందేమిటి అనిపించింది. గిటార్ వీపు నా గుండెకు ఆని ఉంది. తీగలు ఊరుకున్నాక కూడా లోపల అదురుతూనే ఉంది. సెలిన్ తడిబట్ట పట్టుకుని అలాగే నిలబడిపోయింది. కింద ఇంట్లో ఉండే కడప హమీదున్నీసా మర్నాడు మెట్ల దగ్గర ఆపి, “ఏమక్కా, పైన అదేందో మోగుతాంది. కూర కలబెడ్తా కలబెడ్తా నా చెయ్యి నిలిచిపోయిండాది” అంది.

ఒక్కటే నాకు అర్థం కాలేదు. దీన్ని దుఃఖం అన్నావేమిటి? దుఃఖం నాకు తెలియనిది కాదు. ఇది అది కాదు. తెల్లవారకముందు సముద్రం కనిపించదు కానీ అక్కడే ఉందని తెలుస్తుంది చూడు, అలా ఉంది. ఇన్నేళ్ళూ నీకు ఇది దుఃఖంగానే వినిపించిందా?

రెండోది కూడా చెప్పు.

అక్క


నరసాపురం,
మార్చి 16, 2023

అక్కా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండుసార్లూ మనసుకు కష్టం కలిగింది.

ముప్పై ఏళ్ళకు పైగా వాయించినవాణ్ణి. ఈ మైనర్ ఏమిటో నాకు తెలుసు. దాన్ని విని సముద్రం, తెల్లవారుజాము అన్నవాళ్ళను ఇంతవరకూ చూడలేదు. ఆస్పత్రి నుంచి వచ్చిన కొత్తలో చూడవచ్చిన ప్రతివాడూ నాకు మంచి మాటలే చెప్పాడు. అన్నీ మన మేలుకే అన్నారు. ఇందులో కూడా ఒక అర్థం ఉందన్నారు. నువ్వు మాత్రం అలా మాట్లాడవని అనుకున్నాను. దుఃఖాన్ని దుఃఖం కాదని నాకు నచ్చజెప్పడానికి గిటార్‌ను వాడుకోకు. నీకు నిజంగానే అలా వినిపిస్తోందంటే శ్రుతి తప్పి ఉండాలి. సెలిన్‌ను మళ్ళీ ఒకసారి చూడమను.

సంతోషంగా ఉండే స్వరం కావాలంటే అది వేరే ఉంది. ఈ మేజర్. పాత వేళ్ళు ఉన్నచోటే ఉండనిచ్చి, చూపుడు వేలు మూడో తీగ మీద మొదటి ఫ్రెట్ దగ్గర పెట్టు. ఆ ఒక్క వేలితో ఏడుపు నవ్వుగా మారుతుంది. రెండూ పక్కపక్కన వాయించి చూస్తే తేడా నీకే తెలుస్తుంది.

రమణికి జలుబు చేసి తగ్గింది. ఇక్కడ ఎండలు మొదలయ్యాయి. మెడ దగ్గర గుడ్డ తడిపి కట్టుకోవలసి వస్తోంది.

ప్రసాద్


రుస్తాఖ్,
ఏప్రిల్ 8, 2023

ప్రసాద్‌కు,

నిన్న గుడ్ ఫ్రైడే. ఇక్కడ రంజాన్ కూడా నడుస్తోంది. బస్సులో రాజధానిలోని రూవికి వెళ్ళి తెలుగు ఆరాధనలో కూర్చుని వచ్చాను. వచ్చేటప్పుడు దారి పొడుగునా నీ ఉత్తరమే మనసులో మెదిలింది.

నీకు నేను మంచి మాటలు చెప్పలేదు. విన్నది రాశాను. నటించడం వచ్చినదాన్నయితే నీ ఆపరేషన్ ముందురోజు నీ మంచం పక్కన అంత గట్టిగా ఏడ్చి ఉండేదాన్ని కాదు.

అయితే తప్పు నాలోనే ఉందని ఇప్పుడు తెలిసింది. నువ్వు చెప్పిన ఈ మేజర్ వాయించాను. నవ్వు అన్నావు. అది పళ్ళు కొరికినట్టుంది తమ్ముడూ. వినగానే ఒళ్ళు ముడుచుకుంది. సెలిన్ చేత శ్రుతి మళ్ళీ చూపించాను. బాగానే ఉందట. మళ్ళీ వాయించాను. మళ్ళీ అదే మోత. సెలిన్ చెవులు మూసుకుని “ఇది మటుకు వద్దు ఆంటీ, మొదటిదే వాయించండి” అంది.

నీకు దుఃఖమైనది నాకు అందంగా ఉంది. నీకు నవ్వైనది నాకు భయంగా ఉంది. మా హాస్పిటల్లో చెవుల డాక్టరు దగ్గర పరీక్ష కూడా చేయించుకున్నాను. చెవులు బాగానే ఉన్నాయన్నారు. అంటే లోపం ఇంకెక్కడో ఉంది. సంగీతం కొందరికి ఎక్కదంటారు కదా. నాన్న దాన్ని అటక మీద పెట్టించడం సబబే కాబోలు.

నవ్వుకునే సంగతి ఒకటి చెబుతాను. మా వార్డుకు వారానికి మూడుసార్లు వచ్చే ఖల్ఫాన్ అనే ముసలాయన ఉన్నాడు, ఖర్జూరపు తోటల రైతు. నా వేళ్ళ మీద గీతలు చూసి ఇదేమిటని అడిగాడు. గిటార్‌ను అరబ్బీలో ఏమంటారో తెలియక, వీళ్ళ వాయిద్యం పేరే చెప్పి ‘ఊద్’ అన్నాను. అప్పటినుంచి నేను ఊద్ విద్వాంసురాలినని వార్డంతా చెప్పుకుంటున్నాడు. పాపం ఆయనకు నిజం చెప్పాలి.

వచ్చే నెల రూవి వెళ్ళినప్పుడు గిటార్‌ను ఆరాధన జరిగే హాల్లో ఇచ్చేస్తాను. నేర్చుకోగలిగినవాళ్ళు నేర్చుకుంటారు. నిన్ను ఇబ్బంది పెట్టాను. మనసులో పెట్టుకోకు.

లీల


నరసాపురం,
ఏప్రిల్ 30, 2023

అక్కా,

గిటార్ ఎవరికీ ఇవ్వకు. ఈ ఉత్తరం చేరేలోగా ఇచ్చేస్తావేమోనని మెసేజ్ కూడా పెట్టాను. ‘ఇవ్వను, ఎందుకో చెప్పు’ అని నువ్వు జవాబిచ్చావు. ఎందుకో ఇప్పుడు చెబుతున్నాను.

ఇవాళ ఆదివారం. రమణి గుడికి వెళ్ళింది. నేనొక్కణ్ణే ఇంట్లో ఉండి నీ ఉత్తరాలన్నీ వరసగా పెట్టుకుని చదివాను. ఫిబ్రవరిలో రాసినదాని దగ్గర ఆగిపోయాను. ఉంగరం వేలు మధ్య వేలి మీదుగా మెలిపడుతోందని రాశావు. ఈ మైనర్‌లో వేళ్ళు మెలిపడవు. రెండు పిట్టలు తీగ మీద వాలినట్టు పక్కపక్కన కూర్చుంటాయి. మరి నీకెందుకు మెలిపడ్డాయి?

అప్పుడు తట్టింది. నువ్వు తీగలను పైనుంచి లెక్కపెట్టావు. ఒళ్ళో పెట్టుకుంటే పైన కనిపించేది లావు తీగ. దాన్నే ఒకటి అనుకున్నావు. గిటార్‌కు లెక్క కిందనుంచి, అక్కా. సన్న తీగ ఒకటి, లావు తీగ ఆరు. ఆ మాట నేను నీకు చెప్పనే లేదు. నాకు చిన్నప్పటి నుంచీ తెలిసిన విషయం కనుక, చెప్పాలని కూడా తోచలేదు.

అయితే ఇన్నాళ్ళూ నువ్వు వాయించింది ఈ మైనర్ కాదు. మరి ఏమిటి? ఊహించి చూశాను. అంతు పట్టలేదు. ఏ పుస్తకంలోనూ అలా వేళ్ళు పెట్టమని చూడలేదు. మంచం కింద నుంచి గిటార్ లాగాను. దాని గవిసెన సంచి మీద దుమ్ము పేరుకుంది. తీగలు తుప్పు పట్టాయి. ఎలాగో శ్రుతికి తెచ్చాను. నీలాగే పైనుంచి నాలుగోది, ఐదోది, మెలిపడిన వేళ్ళతోనే నొక్కి మీటాను.

అక్కా, నువ్వు రాసిందే నిజం.

అది దుఃఖం కాదు. నవ్వూ కాదు. ఏదో మొదలుకాబోతోంది, ఇంకా మొదలు కాలేదు. నా చేతులు ఆ మెడ మీద ముప్పై ఏళ్ళకు పైగా తిరిగాయి. ఈ స్వరం ఆ రెండు వేళ్ళ కిందే ఉంది, ఎప్పుడూ ఉంది. ఒక్కసారి కూడా అటు వెళ్ళలేదు. తెలిసినవాణ్ణి కనుక వెళ్ళలేదు. మళ్ళీ మీటాను. గిటార్ ఛాతీకి ఆనించుకుంటే ఆ అదురు మెడ దాకా పాకింది. అక్కడ ఏమీ లేదని ఏడాదిగా అనుకుంటున్నాను. అక్కడ అదిరింది.

ఎంతసేపు వాయించానో తెలియదు. తలెత్తితే రమణి గుమ్మంలో నిలబడి ఉంది, బైబిలు సంచి చేతిలోనే ఉంది. “ఏ పాటండీ అది” అని అడిగింది. పలక అందుకుని ‘అక్క చేసిన తప్పు’ అని రాసి చూపించాను. ఆవిడకేమీ అర్థం కాలేదు. గోడకు ఆనుకుని కూర్చుని, “ఇంకాస్సేపు వాయించండి” అంది.

నీ ఈ మేజర్ కూడా వాయించి చూశాను. నిజంగానే పళ్ళు కొరికినట్టుంది. సెలిన్‌కు నా సానుభూతి.

ఇప్పుడు కిందనుంచి లెక్కపెట్టు. కానీ పాతది మరిచిపోకు.

నీ తమ్ముడు


రుస్తాఖ్,
మే 26, 2023

నా తమ్ముడికి,

నీ ఉత్తరం డ్యూటీకి వెళుతూ దారిలో తెరిచాను. బస్సులో పక్కన కూర్చున్న బంగ్లాదేశ్ అబ్బాయి నా మొహం చూసి, “సబ్ ఠీక్ హై నా సిస్టర్” అని అడిగాడు. ఠీకే అని తలూపాను.

ఇప్పుడు నీ ఈ మైనర్ విన్నాను. నువ్వు చెప్పింది నిజమే. అది దుఃఖమే. అయితే ఒంటరిగా కూర్చున్నవాడి దుఃఖం కాదు, పదిమంది కలిసి ఏడ్చే దుఃఖం. తర్వాత చూపుడు వేలు పెట్టాను. సెలిన్ తలతిప్పి చూసింది. ఒక్క వేలు, ప్రసాద్. నీళ్ళలో పటిక తిప్పినట్టు మొత్తం తేరిపోయింది. ఎన్నిసార్లు పెట్టి తీశానో. ఒకదాని నుంచి ఒకదానికి వెళ్ళేటప్పుడు చెయ్యి చూసుకోకుండా వెళ్ళడం ఈ వారమే వచ్చింది. వేళ్ళు నాకంటే ముందు వెళ్ళిపోతున్నాయి. నేను వెనక నుంచి చూస్తున్నాను.

ఖల్ఫాన్‌కు నిజం చెప్పాను. అయితే ఆ గిటార్ అనేదాన్నే తీసుకురమ్మన్నాడు. డాక్టరును అడిగితే, మిగతా పేషెంట్లకు అభ్యంతరం లేకపోతే పది నిమిషాలు వాయించుకోమన్నారు. ఆయన మంచం పక్కన కూర్చుని నా పాత తప్పే వాయించాను. అది నాకు బాగా వచ్చు కదా. ఆయన కళ్ళు మూసుకుని విని, “ఇది ఊద్ కాదు” అన్నాడు. మళ్ళీ, “పర్వాలేదు, ఇంకోసారి” అన్నాడు.

అప్పుడు ఒకటి జరిగింది. డయాలసిస్ చేసేవాళ్ళకు చేతిలో రెండు రక్తనాళాలను కలిపి కుడతారు. ఆ చోట వేలు పెడితే పిల్లి గుర్రుమన్నట్టు సన్నగా అదురుతుంటుంది. ఆ అదురు ఉంటేనే నాళం పనిచేస్తున్నట్టు. ఇరవై ఏళ్ళుగా డ్యూటీ ఎక్కగానే నేను చేసే మొదటి పని అదే, వేలు పెట్టి చూడడం, ఉందని రాసుకోవడం. ఖల్ఫాన్ సూది లేని చెయ్యి చాచి గిటార్ చెక్క మీద ఆనించాడు. తీగలు మోగుతున్నాయి. ఆయన కళ్ళు తెరిచి, అటు తన రెండో చేతిని చూసుకుని, “సిస్టర్, నా చేతిలో ఉన్నది ఇదే” అన్నాడు.

నేను కూడా చెయ్యి ఆనించి చూశాను. అదే.

అందరి చేతులూ పట్టుకుని చూసినదాన్ని, ఇన్నేళ్ళకు నాకు ఆ మాట ఒక పేషెంటు చెప్పవలసి వచ్చింది. ఆ రోజు మిగతా డ్యూటీ అంతా ఒక్కొక్క చేతి మీద వేలు పెట్టినప్పుడల్లా కాసేపు ఎక్కువే ఆగాను.

మూడోది ఎప్పుడు చెబుతావు?

అక్క


నరసాపురం,
జూలై 31, 2023

అక్కా,

ఉత్తరం ఆలస్యమైనందుకు కోప్పడకు. ముసురు పట్టి పది రోజులుగా ఊరంతా తడిసి ముద్దయింది. నిన్న జరిగింది నీకు చెప్పకపోతే నిలవలేను.

నిన్న పొద్దున్నే మన సంఘపెద్ద దేవదాసుగారు గొడుగేసుకుని ఇంటికి వచ్చారు. “బాబూ, కరెంటు లేదు. కీబోర్డు మోగదు. నువ్వు పాడక్కర్లేదు, ఎవరితో మాట్టాడక్కర్లేదు. వాయించి వచ్చెయ్యి, చాలు” అన్నారు. పలక మీద ‘వద్దు’ అని రాశాను. ఆయన చదివి, గొడుగు ముడిచి అరుగు మీద కూర్చున్నారు. రమణి టీ ఇచ్చింది. టీ తాగి కూడా లేవలేదు. చివరికి నేనే లేచి చొక్కా వేసుకున్నాను.

గుడిలో కిటికీల వెలుగు తప్ప ఏమీ లేదు. మెడ గుడ్డ సర్దుకుని ముందు కూర్చున్నాను. అందరూ నన్నే చూస్తారని భయపడ్డాను కదా, చూశారు. కాసేపటికి తలలు వంచుకున్నారు. మొదటి పాటకు శ్రుతి ఇచ్చాను.

ఎవరూ ఎత్తుకోలేదు.

ఎత్తుకునేది ఎప్పుడూ నేనే కనుక వాళ్ళు నాకోసం చూస్తున్నారు. నా వేళ్ళు మీటుతూనే ఉన్నాయి. పై రేకుల మీద వాన పడుతోంది. పల్లవి వరస ఒకసారి తిరిగింది, రెండోసారి తిరిగింది. అప్పుడు రెండో బెంచీ నుంచి పడవ గంగన్న మొదలుపెట్టాడు. తాళానికి అర అడుగు వెనక, ఎప్పటిలాగే. ఆ గొంతు అంత లోతుగా ఉంటుందని నాకు తెలియదు. ఇన్నేళ్ళూ నా ఎదురుగానే కూర్చున్నాడు. నా చెయ్యి దానంతట అదే నెమ్మదించి అతని కోసం ఆగింది. అతని వెనక దేవదాసుగారు, ఆయన వెనక పిల్లలు, తర్వాత ఒక్కొక్క బెంచీ లేచింది. పాడుతున్నప్పుడు నాకు నా గొంతే వినిపించేది. అది ఎదురుగా ఉన్నదాన్నంతటినీ కమ్మేసేది. నిన్న మొదటిసారి నా ఎదుట ఎంతమంది ఉన్నారో విన్నాను.

రెండో చరణంలో ఆడవాళ్ళ వైపు నుంచి ఒక గొంతు విడిగా వినిపించింది. సన్నగా, నిబ్బరంగా, ఒక్క చోట కూడా జారకుండా వెళుతోంది. మన ఊళ్ళో ఇలా పాడేవాళ్ళు ఎవరా అని తలెత్తి వెతికాను. గోడ పక్క వరసలో రమణి, కళ్ళు మూసుకుని పాడుతోంది.

వేళ్ళు ఏ తీగ మీద ఉన్నాయో కూడా మరిచిపోయాను. అవి తప్పలేదు, అంతే.

ఇంటికి వచ్చేటప్పుడు వాన సన్నగిల్లింది. దారిలో ఆగి, గొడుగు ఆవిడ చేతికిచ్చి, పలక తీసి, ‘ఇంత బాగా పాడతావని ఎప్పుడూ చెప్పలేదేం’ అని రాశాను. వానచుక్కలకు అక్షరాలు చెరిగిపోతున్నా రమణి చదివింది.

“మీరు పాడతా ఉంటే నేను వినేదాన్ని కదండీ” అంది.

ఇవాళ పొద్దున వంటింట్లో పాడుతోంది. నేను గడప మీద కూర్చుని ఇది రాస్తున్నాను.

నీ తమ్ముడు,
ప్రసాద్ బాబు